నాలుగు చక్రముల తూకము

పెరటిలో మంచము వాల్చి పడుకొన్న అనుభవము మనలో చాలమందికి కలదు. నేల ఎగుడుదిగుడుగా నున్నచో మంచపుకోళ్లలో మూడు మాత్రమే నేలనంటి, నాలుగవది గాలిలో నిలుచును. పడుకొన్నవాడు ఒక ప్రక్కకు ఒత్తిగిలినప్పుడెల్ల మంచము టక్కున ఇటునుండి అటు కుంటును. మన ఇండ్లలో పెద్దలు లేచి, ఒక పెంకుముక్క వెదకి తెచ్చి, ఆ కోటి క్రింద దోపి, సుఖముగా నిద్రించెదరు. ముక్కాలిపీటకు మాత్రము ఈ బాధ లేదు. దానిని ఎట్టి నేలపై ఉంచినను మూడు కాళ్లును నేలనంటియే యుండును.

నేడు మేము ముచ్చటింపబోవు విషయము ఈ నాలుగవ కోటిని గురించినదే. అయితే మంచమునకు మారుగా ఒక మోటారు కారును తీసికొందము. అందులోను కుటుంబమంతయు కూర్చుండి తీర్థయాత్రలకు వెళ్లు కారు కాదు. ఇద్దరే కూర్చుండగల, తలుపులు సైతము సరిగా లేని, మిక్కిలి తేలికయైన క్రీడా కారు.

ఇట్టి కారులలో ప్రసిద్ధి చెందినది ఇంగ్లండు దేశపు లోటస్ సెవెన్. దానిని రూపొందించిన కాలిన్ చాప్‌మన్ లండను యూనివర్సిటీ కళాశాలలో కట్టడముల ఇంజనీరింగు చదివినవాడు. సన్నని ఉక్కు గొట్టములను వంతెన కట్టునట్లు ఒకదానికొకటి అతికి చట్రము చేసి, పైన అల్యూమినియము రేకు తొడిగి, 1957లో ఆ కారును లోకమునకు చూపెను. దాని బరువు సుమారు అర టన్ను. ఆ దినములలో బ్రిటనులో పూర్తిగా తయారైన కారుపై కొనుగోలు పన్ను ఉండెడిది. విడిభాగములుగా కొని ఇంటివద్ద బిగించుకొన్నవారికి ఆ పన్ను లేకుండెను. అందువలన ఎందరో ఔత్సాహికులు తమ ఇంటి షెడ్డులోనే దానిని కూర్చుకొనిరి. 1973లో ఆ కారును తయారుచేయు హక్కు కేటర్‌హామ్ వారికి సంక్రమించినది. ఆ పోలికలో ఇంటివద్ద నిర్మించుకొన్న కారులు నేటికిని అక్కడ తిరుగుచున్నవి.

మా మిత్రుడొకడు ఇంగ్లండులోని వార్విక్‌షైర్ ప్రాంతమున ఉద్యోగము చేయుచు, అట్టి కారు నొకదానిని రెండవచేతి బేరమున కొనెను. 2018 శరత్కాలమున మేము అతని యింట అతిథులుగా ఉంటిమి. ఒక ఉదయమున వాన వెలిసిన తరువాత ఇద్దరమును ఆ కారులో బయలుదేరితిమి. పల్లెటూరి త్రోవ, ఇరుప్రక్కల ముళ్లకంచెలు, ఎదుట ఒక మలుపు. మిత్రుడు బ్రేకు నొక్కెను. ముందటి ఎడమ చక్రము తిరుగుట మాని తడిరోడ్డుపై జారసాగినది. మరుక్షణమున కారు తనంతట తాను కుడివైపునకు, అనగా ఎదురుగా వచ్చు బండ్ల వైపునకు మొగ్గినది. ఆ క్షణమున ఎదురుగా ఏ లారీయు రాకపోవుట చేతనే ఈ ప్రసంగము చేయుటకు మేము మిగిలి యున్నాము. కారు ఆగిన తరువాత మిత్రుడు మా వంక తిరిగి, “స్టీరింగు త్రిప్పినది నేను కాదు సుమా!” అనెను. అతని చేతులు వణకుచుండెను. మా చేతులను మేము చూచుకొనలేదు.

ఇంటికి చేరి ఆలోచించితిమి. బ్రేకులలో దోషమేమియు కానరాలేదు. టైర్లు క్రొత్తవి. పైగా కారు కొన్న క్రొత్తలోనే మిత్రుడు ఒక కార్ఖానాలో దానిని సరిచేయించి యుండెను. వారిచ్చిన కాగితముపై చట్రము నాలుగు మూలల ఎత్తులును మిల్లీమీటరుకు మిల్లీమీటరు సరిపోయి యుండెను. మరి లోపమెక్కడ? ఆ కాగితము అబద్ధము చెప్పలేదు. అది చెప్పినది ఎత్తును గురించి. మాకు కావలసినది బరువును గురించి. ఏ చక్రముపై ఎంత బరువు పడుచున్నదో ఆ కాగితములో ఒక్క అక్షరమైనను లేదు.

ఎత్తులు సమానముగా నున్న బరువులును సరిగానే యుండవలెను గదా యని శ్రోతలకు తోచవచ్చును. ఇక్కడనే మంచపుకోడు మనకు సహాయపడును. ముక్కాలిపీటపై బరువు పెట్టినచో ఏ కాలుపై ఎంత పడునో ఆ బరువు ఉన్న చోటునుబట్టియే నిశ్చయమగును. కాళ్ల పొడవులో రవంత భేదమున్నను ఆ లెక్కలో చెప్పుకోదగిన మార్పు రాదు. నాలుగు కాళ్లు ఉన్నప్పుడు కథ వేరు. ఒక కాలు వెంట్రుకవాసి పొడవైనచో అదియు, దానికి మూలగా నుండు కాలును అధికభారము మోయును. తక్కిన రెండును తేలిపోవును. పైనుండి చూచువానికి మంచము సమముగనే కనిపించును. కారునకు కోళ్లకు బదులు స్ప్రింగులు ఉండుట చేత నాలుగవ చక్రము గాలిలోనికి లేవదు. కాని మూలనుండి మూలకు బరువు మారుట మాత్రము అట్లే జరుగును. ఒక స్ప్రింగు రవంత పొడవైనను, గొట్టముల చట్రము రవంత మెలిపడినను చాలును. ఎత్తులు చెడకయే బరువులు చెడును.

ఇందులో ఒక చక్కని నియమము కలదు. ముందటి రెండు చక్రములపై మొత్తము ఎంత పడవలెనో, వెనుకటి రెంటిపై ఎంత పడవలెనో కారులోని బరువులు ఉన్న చోటు నిర్ణయించును. ఎడమ ప్రక్క మొత్తము, కుడి ప్రక్క మొత్తము కూడ అంతియే. ధాన్యపు బండిలో బస్తాలన్నియు వెనుకకు వేసినచో కాడి పైకి లేచును. దానిని సరిచేయుటకు బస్తాలను ముందుకు జరుపవలెను గాని చక్రములను పట్టుకొని ప్రయోజనము లేదు. కారులోను స్ప్రింగులను ఎంత సవరించినను ఈ మొత్తములు మారవు. స్ప్రింగుల వలన మారునది ఒక్కటే: ఒక మూలనుండి ఎదుటి మూలకు గీచిన రెండు గీతలలో ఏ గీతపై ఎంత భారము పడునన్నది. ఈ ఐమూల భారములను సమానము చేయుటయే చక్రముల తూకము యొక్క పరమార్థము.

అవి అసమానముగా నున్నచో నష్టమేమి? టైరుకు ఒక స్వభావము కలదు. దానిపై బరువు పెరిగినకొలది రోడ్డును పట్టుకొను శక్తి పెరుగును. కాని బరువు పెరిగినంతగా ఆ పట్టు పెరుగదు. కావున ఒక జతలో రెండు టైర్లు భారమును సమముగా పంచుకొన్నచో లభించు పట్టు, ఒకటి ఎక్కువగాను మరియొకటి తక్కువగాను మోసినచో లభింపదు. మలుపులో బరువు సహజముగనే బయటి ప్రక్కకు ఒరుగును. అప్పటికే ముందటి కుడి చక్రము అధికభారము మోయుచున్నచో, ఎడమకు తిరుగునప్పుడు దానిపై మరింత భారము పడి ముందుభాగము పట్టు తప్పి తిన్నగా పోజూచును. కుడికి తిరుగునప్పుడు అదే కారు తద్విరుద్ధముగా తోక విసరును. ఒకే కారు ఎడమకు ఒక తీరునను, కుడికి మరియొక తీరునను నడచిన ఎట్టి నేర్పరికైనను నమ్మకము చెడును. ఇక బ్రేకు సంగతి. బ్రేకు నూనె ముందటి రెండు చక్రములను ఒకే బలముతో అదుమును. తేలికగా నున్న చక్రము ముందుగా జారిపోవును. బరువుగా నున్నది ఇంకను రోడ్డును పట్టుకొని కారును తన వైపునకు లాగును. ఆనాటి ఉదయము మాకు జరిగినది ఇదియే.

పెద్ద కారులో ఇంత చిక్కు కనబడదు. ఒక్కొక్క చక్రముపై 400 కిలోల భారము ఉన్నప్పుడు 10 కిలోల తేడా నూటికి రెండున్నర వంతు మాత్రమే. అదే తేడా 130 కిలోలు మోయు చక్రమునకు నూటికి దాదాపు ఎనిమిది వంతులు. తేలిక కారు మందులకొట్టులోని చిన్నత్రాసు వంటిది. కట్టెల అడితిలోని కాటా గమనింపని భేదమును అది గమనించును.

మిత్రుడు తన పరిచితులనుండి నాలుగు ఎలక్ట్రానిక్ తూకపు పలకలను ఎరవు తెచ్చెను. అవి దొరకనివారు స్నానపుగదిలో వాడు మామూలు తూకపు యంత్రములతోను పని గడుపుకొనవచ్చును. చక్రపు భారము ఆ యంత్రపు శక్తికి మించినచో ఒక బలమైన పలక తీసికొని, దాని ఒక కొనను యంత్రముపైనను, రెండవ కొనను అదే ఎత్తుగల దిమ్మపైనను ఉంచి, నడుమ చక్రమును నిలుపవలెను. యంత్రము సగము భారమే చూపును, దానిని రెట్టించుకొనవలెను. నాలుగు చక్రములును ఒకే ఎత్తున నిలుచుట మాత్రము ముఖ్యము.

తూచుటకంటె తూకమునకు సిద్ధపరచుటయే పెద్దపని. మొదట నేల. చూపునకు చదునుగానున్న సిమెంటు గచ్చు నిజమునకు చదునుగా ఉండదు. మన తాపీమేస్త్రీలు వాడునట్లే పారదర్శకమైన గొట్టములో నీరు నింపి, నాలుగు చక్రములు నిలుచు తావులను సరిచూచితిమి. రసమట్టముతో మరల పరీక్షించితిమి. ఒక మూల 7 మిల్లీమీటర్లు పల్లముగా తేలెను. మా కారు వంటి దానికి ఒక చక్రము క్రింద 5 మిల్లీమీటర్ల పల్లమున్నచో ఒక్కొక్క చక్రపు లెక్కలో రెండు మూడు కిలోల పొరపాటు వచ్చును. పాత అల్యూమినియపు రేకులు పేర్చి ఆ పల్లమును పూడ్చితిమి.

తరువాత కారు. నాలుగు టైర్లలో గాలి నిర్ణీతమైన ఒత్తిడికి ఎక్కించితిమి. పెట్రోలు తొట్టి సగము నింపితిమి. స్టీరింగును తిన్నగా నిలిపితిమి. ముఖ్యమైనది నడుపువాని బరువు. ఆ కారు చక్రవర్తి సింహాసనము వంటిది కాదు. ఎవరు కూర్చున్నారో దానికి బాగుగా తెలియును. మిత్రుని బరువు 72 కిలోలు, మొత్తము భారములో నూటికి పన్నెండు వంతులు. ఖాళీ కారును తూచి ప్రయోజనమేమి? కావున అతనిని తన స్థానమున కూర్చుండబెట్టి, కదలవద్దని కట్టడి చేసితిమి. కారును జాకీతో ఎత్తి పలకలపై దించినచో టైర్లు ప్రక్కకు బిగదీసికొని తప్పులెక్క చూపును. అందుచేత వాలుపలకల మీదుగా మెల్లగా దొర్లించి ఎక్కించితిమి. ముందును, వెనుకను రెండు మూడు మారులు అదిమి వదలి, స్ప్రింగులను సర్దుకొననిచ్చి, అప్పుడు అంకెలు చూచితిమి.

ముందటి ఎడమ చక్రము 122 కిలోలు, ముందటి కుడి 158. వెనుకటి ఎడమ 162, వెనుకటి కుడి 158. మొత్తము సరిగా 600 కిలోలు. వెనుక జత చూడముచ్చటగా ఇంచుమించు సమానము. ఆ రెండు అంకెలనే చూచినవాడు అంతయు బాగున్నదని తృప్తిపడును. కాని ఐమూలలు కూడి చూచితిమి. ముందటి ఎడమ, వెనుకటి కుడి కలిసి 280. ముందటి కుడి, వెనుకటి ఎడమ కలిసి 320. నలుబది కిలోల వ్యత్యాసము. ముందు చక్రముల నడుమ 36 కిలోల తేడా. ఎడమ చక్రము ఎందులకు జారినదో ఇక వేరుగ చెప్పనక్కరలేదు.

వెంటనే పానా పట్టుకొని స్ప్రింగులపై పడుట సరికాదు. కారు మలుపులో అధికముగా ఒరుగకుండుటకు ముందు చక్రములను కలుపుచు యాంటీరోల్ బార్ అను ఉక్కుకడ్డీ ఒకటి ఉండును. దాని రెండు కొనలను చక్రముల వైపునకు తగిలించు చిన్న బందములు సరియైన పొడవున లేనిచో, కారు కదలకుండ నిలిచియున్నను కడ్డీ మెలిపడియే యుండి, ఒక చక్రమును నొక్కుచు రెండవదానిని ఎత్తుచుండును. ఒక బందపు మరమేకును ఊడదీసితిమి. అది టక్కుమని ఎగిరి తప్పుకొన్నది. మరల తూచితిమి: 126, 154, 158, 162. ప్రతి చక్రముపైనను 4 కిలోల దోషము ఆ కడ్డీ వలననే వచ్చినదన్నమాట. దానిని గమనింపక స్ప్రింగులను సవరించియున్నచో ఒక తప్పును మరియొక తప్పుతో కప్పియుందుము.

మిగిలిన 6 కిలోలు స్ప్రింగులవి. ఇట్టి కారులో ప్రతి స్ప్రింగు క్రిందను మరచుట్లుగల పీఠమొకటి ఉండును. దానిని పైకి త్రిప్పినచో ఆ మూలపై భారము పెరుగును. దానికి ఐమూలగా నున్న చక్రముపైనను పెరుగును. తక్కిన రెంటిపై తగ్గును. ఒకే మూలను సవరించియు పని ముగింపవచ్చును గాని అప్పుడు కారు ఎత్తు చెడును. అందుచేత పనిని నాలుగు మూలలకును పంచితిమి. ముందటి ఎడమ, వెనుకటి కుడి పీఠములను కొంచెము పైకి. ముందటి కుడి, వెనుకటి ఎడమ పీఠములను అంతే క్రిందికి. జాకీతో ఎత్తి, మరలలోని మట్టి తుడిచి, నూనె వేసి, త్రిప్పి, దించి, దొర్లించి, అదిమి, తూచుట. ఇట్లు మూడు మారులు. ఏ పీఠమును మొత్తముమీద ఒకటిన్నర చుట్టునకు మించి త్రిప్పవలసిన పని రాలేదు. సాయంకాలమునకు అంకెలు ఇట్లు నిలిచినవి: ముందు 132, 148, వెనుక 152, 168. ఐమూలలు రెండును 300 చొప్పున.

ముందు జత నడుమ ఇంకను 16 కిలోల తేడా ఉన్నదే యని శ్రోతలు అడుగవచ్చును. నిజమే. మిత్రుడు కూర్చుండునది కుడిప్రక్క. కుడిప్రక్క మొత్తము 316, ఎడమప్రక్క 284. మొదటి తూకములోను అంతియే, చివరి తూకములోను అంతియే. స్ప్రింగుల చేతిలో లేనిది ఇదియే. బ్యాటరీ వంటి బరువైన వస్తువును ఎడమకు జరిపినచో కొంత తగ్గును. బ్రేకు కొరకు ముందటి రెండు చక్రములను సమానము చేసికొనుటయే మేలని వాదించువారును కలరు. మేమట్లు చేసియున్నచో ముందు 140, 140. వెనుక 144, 176 అయి, ఐమూలలు 316, 284గా విడిపోయెడివి. ఎడమ మలుపునకు ఒక కారు, కుడి మలుపునకు మరియొక కారు నడుపవలసి వచ్చెడిది. అమెరికాలో కోడిగ్రుడ్డు ఆకారపు బాటలలో ఎల్లప్పుడు ఎడమకే తిరుగు పందెపు కారులకు కావలెననియే ఇట్టి అసమానతను కల్పింతురు. మన త్రోవలకు రెండు ప్రక్కలను మలుపులు ఉన్నవి గనుక మేము సమభాగమునే ఎన్నుకొంటిమి. మిత్రుడు ఎక్కువగా ఒంటరిగనే నడుపును. కావున అతని యొక్కని భారమునకే సరిచేసితిమి. ప్రక్కన మరియొకరు కూర్చున్నచో లెక్క కొంత మారును. దానికి మందు లేదు.

చివరి పని మరువరానిది. మిత్రుడు సీటులో ఉండగనే కడ్డీ బందమును మరల బిగించితిమి. అయితే ఈ సారి దాని పొడవును సవరించి, మరమేకు వ్రేలితో నెట్టిన మాత్రమున రంధ్రములో దూరునట్లు చేసితిమి. సుత్తి అవసరమైనచో కడ్డీ మరల మెలిపడినదని అర్థము. ఎత్తులు రవంత మారినవి గనుక చక్రముల వరుసను గూడ సరిచూచి, వదులు చేసిన ప్రతి మరను మరియొక మారు బిగించితిమి.

రెండు దినముల తరువాత మరల వాన కురిసెను. మొదట రాకపోకలు లేని ఒక పాత విమానపు మైదానములో అనుమతి పొంది పరీక్షించి, పిమ్మట అదే పల్లెత్రోవకు వెళ్లితిమి. అదే మలుపు. వేగము మాత్రము తగ్గించితిమని ఒప్పుకొనుటకు మేము సిగ్గుపడము. మిత్రుడు బ్రేకు నొక్కెను. కారు ముక్కు ముందునకు వంగి, తిన్నగా, తన వరుసలోనే నిలిచినది. ఇద్దరమును కొంతసేపు ఏమియు మాటాడలేదు. ఆ మీదట మిత్రుడు జేబులోనుండి కార్ఖానావారి పాత కాగితమును తీసి, దాని వెనుక మా నాలుగు అంకెలను వ్రాసికొని, మడచి, కారు పత్రములలో భద్రపరచెను.

ఆ కాగితమును పారవేయుమని మేమును చెప్పలేదు. ఎత్తులు తెలిసియుండుటయు మంచిదే. కాని కంటికి సమముగా కనిపించినది భారమునందును సమమని నమ్మి, తడిరోడ్డుపై ప్రాణములను దానికి అప్పగింపరాదు. నాలుగవ కోడు క్రింద ఏమున్నదో ఒక్కమారు వంగి చూచుకొనుట మంచిది. మన పెద్దల పెంకుముక్క పని కూడ అదియే.